తప్పు దాచని ఇనుము

ఉప్పుడు బియ్యం మిల్లుకు వెళ్ళినవాళ్ళ కళ్ళు బియ్యం మీదే ఉంటాయి. వడ్లను ఉడికించే ఆవిరి ఎక్కడి నుంచి వస్తోందో చూడాలంటే ఊక కుప్పలు దాటుకుని మిల్లు వెనక్కి వెళ్ళాలి. మిర్యాలగూడ చుట్టుపక్కల ఇలాంటి మిల్లులు బోలెడు. వెనక షెడ్డులో అల్యూమినియం రేకు చుట్టుకుని బాయిలరు అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని ముందు భాగాన ఒక ప్రెషర్ గేజి, గేజి ముఖం మీద ఒకచోట ఎర్రగీత. ముల్లు ఆ గీత దాటడానికి వీల్లేదు.

ముల్లు సరిగ్గా ఆ గీత దగ్గర నిలబడినప్పుడు ఇనుము ఎంత మోస్తోందో చిన్న లెక్క వేసి చూడొచ్చు. బాయిలరు గుండ్రటి షెల్లు అడ్డకొలత 2 మీటర్లు, ప్రెషరు చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు అనుకుందాం. మిల్లు వాళ్ళు దీన్ని ‘పది కేజీలు’ అంటారు. షెల్లు పొడవునా వేసిన వెల్డింగు అతుకులో ప్రతి సెంటీమీటరూ 1,000 కిలోల లాగుడును పట్టి ఉంచాలి. అంటే చిటికెన వేలి గోరంత వెడల్పు అతుకు మీద ఒక టన్ను. ఇక రెండు కొసలనూ మూసిన ఎండ్ ప్లేట్ల సంగతి: మధ్యలో ట్యూబులు ఆక్రమించిన చోటు తీసేయకుండా లెక్కేస్తే, ఒక్కో ప్లేటును ఆవిరి బయటికి తోసే బలం 314 టన్నులు. సీజన్ నడిచినన్నాళ్ళూ రాత్రీ పగలూ ఈ తోపుడు ఉంటూనే ఉంటుంది. పది అడుగుల దూరంలో ఫైర్‌మన్ స్టూలు మీద కూర్చుని టీ తాగుతుంటాడు.

అతను అలా నిశ్చింతగా టీ తాగగలగడం వెనక ఉన్న పనితనమే నాకు అబ్బురం. బలం కోసమైతే రేకు మందం పెంచి ఊరుకోవచ్చు. ఈ పని తెలిసినవాళ్ళు అంతటితో ఆగరు. ప్రతి మెట్టులోనూ ఇంకొకరెవరో వచ్చి అనుమానంగా చూడటానికి వీలు వదిలిపెడతారు. తమ తప్పు ఎక్కడైనా ఉంటే అది దాక్కోకుండా ముందే బయటపడే దారి చేసి పెడతారు. బాయిలరులో అందం చూడదలచుకుంటే ఆ దారులను వెతకాలి.

మొదట ప్లేటు. స్టీలు కర్మాగారంలో ఒక విడత కరిగించి పోసిన స్టీలు మొత్తానికీ ఒకే నంబరు ఇస్తారు, దాన్ని హీట్ నంబరు అంటారు. ఆ పోతలోంచి వచ్చిన ప్లేటు మూలన ఆ నంబరు గుద్ది ఉంటుంది. వెంట వచ్చే సర్టిఫికెట్లో కార్బన్ పాలెంత, మాంగనీసు పాలెంత, గంధకం ఎంత లోపు ఉంది, ముక్క కోసి లాగితే ఎంత బరువు దగ్గర తెగింది, తెగే ముందు ఎంత సాగింది అన్నీ ఉంటాయి. ఇంతవరకు ఏ సరుకుకైనా ఉండే కాగితమే. అసలు సంగతి ప్లేటును రెండు ముక్కలు చేయాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. నంబరు ఒక మూలన ఉంది కాబట్టి కోయగానే ఒక ముక్కకు పేరుంటుంది, రెండోది అనాథ అవుతుంది. అందుకని పద్ధతి తెలిసిన షాపులో కట్టర్ వెలిగించక ముందే రెండో ముక్క కాబోయే చోట కూడా నంబరు గుద్దుతారు. ఇన్‌స్పెక్టరు పాత నంబరును, కొత్త నంబరును పక్కపక్కన సరిచూసి తన గుర్తు వేస్తాడు. తర్వాతే కోత. కోసేశాక గుర్తు పెట్టుకుని గుద్దుతామంటే ఒప్పుకోరు. మనిషి జ్ఞాపకం మీద ఈ వృత్తికి ఏనాడూ గురి లేదు. పది పదిహేనేళ్ళ తర్వాత ఒక రేకులో పగులు కనిపిస్తే, ఆ రేకు ఏ రోజు ఏ కొలిమిలోంచి వచ్చిందో, దాని తోబుట్టువులు ఇంకెక్కడున్నాయో పట్టుకోవచ్చు.

తర్వాత వెల్డింగు. ఇక్కడ కాసేపు ఆగాలి.

రెండు ప్లేట్ల అంచులనూ ఏటవాలుగా చెక్కి ఎదురెదురుగా పెడితే మధ్యలో లోయ ఏర్పడుతుంది. లోయ అడుగున రెండంచుల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు. మొట్టమొదట వేసే ‘రూట్ రన్’ ఆ సందును మూయాలి. రెండు అంచులూ కరిగి ఒకటవ్వాలి, అవతలి పక్కకు సన్నని గట్టులా పొడుచుకురావాలి. వేడి ఎక్కువైతే కరిగి కారిపోయి బొక్క పడుతుంది. తక్కువైతే పైకి నిండినట్టే ఉండి అడుగున అంచులు విడిగా మిగిలిపోతాయి. మంచి వెల్డరు చేతిని చూస్తుంటే పెద్దగా ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. చేయి ఒకే ఎత్తున, ఒకే వేగాన, మోచేయి పక్కటెముకలకు ఆనించి కదులుతుంది. అద్దంలోంచి అతను చూసేది నిప్పురవ్వను కాదు, దాని వెనక కరిగి నిలిచిన లోహపు చిన్న మడుగును. మడుగు ముందంచున తాళంచెవి రంధ్రం ఆకారంలో ఒక చిల్లు తెరుచుకుంటూ, వెనక మూసుకుంటూ సాగాలి. అది కనబడుతున్నంత సేపూ అడుగుదాకా కరుగుతోందని అతనికి నమ్మకం. రూట్ వేశాక గ్రైండర్‌తో శుభ్రం చేసి, దాని మీద ఒకదాని తర్వాత ఒకటి పొరలు నింపుతారు. ప్రతి పొర తర్వాత పైన పెంకు కట్టిన స్లాగును పూర్తిగా కొట్టేయాలి. వదిలేసిన స్లాగు తర్వాతి పొర కింద సమాధై ఉంటుంది.

ఈ పనిలో వాడే రాడ్డుకు కూడా మర్యాద ఉంది. బాయిలరు పనికి ఎక్కువగా వాడేవి లో హైడ్రోజన్ రాడ్లు, షాపులో ‘సెవెంటీ ఎయిటీన్’ అంటారు. వాటి పైపూత గాలిలోని తడిని పీల్చుకుంటుంది. ఆ తడి ఆర్క్ వేడికి విడిపోయి హైడ్రోజన్ అతుకులోకి దిగుతుంది. అప్పటికప్పుడు ఏమీ కనపడదు. అతుకు చల్లారాక, కొన్ని గంటలకో మర్నాడో, ఎవరూ ముట్టుకోకుండానే లోపల సన్నగా చిట్లుతుంది. అందుకే రాడ్లను ముందు ఓవెన్‌లో 300 డిగ్రీల పైచిలుకు వేడిలో కాల్చి ఆరబెడతారు. తర్వాత కాస్త తక్కువ వేడి ఉన్న పెట్టెలో ఉంచి, వెల్డరుకు గుప్పెడు గుప్పెడే ఇస్తారు. విశాఖపట్నంలో 1966లో మొదలై ఇప్పుడు భెల్‌లో కలిసిన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ లాంటి కర్మాగారం సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఉంది. అలాంటి చోట ఈ ఓవెన్‌ను చాదస్తం అనుకోవడానికి లేదు. పొద్దున తీసి బల్ల మీద వదిలేసిన రాడ్డును మధ్యాహ్నం వాడబోతే సూపర్‌వైజరు తిరిగి ఓవెన్‌కు పంపిస్తాడు.

పొడవు అతుకు వేసేటప్పుడు ఇంకో ముచ్చటైన ఏర్పాటు ఉంటుంది. షెల్లు కొసన, అతుకు ఆగాల్సిన చోట, అదే హీట్ నంబరు ప్లేటులోంచి కోసిన చిన్న ముక్కల జత తగిలిస్తారు. వెల్డరు షెల్లు అంచు దాకా వచ్చి ఆగకుండా అదే చేత్తో, అదే రాడ్డుతో, అదే కరెంటుతో ఆ ముక్కల మీదికి అతుకు సాగిస్తాడు. తర్వాత ఆ ముక్కను కోసి ల్యాబులో లాగుతారు, వంచుతారు, ముక్కలు చేస్తారు. బాయిలరును విరిచి చూడలేం కనుక దాని కొసను విరిచి చూస్తారన్నమాట. పరీక్ష కోసం వేరే రోజు, వేరే బల్ల మీద, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన నమూనాకు ఈ విలువ రాదు. అతుకు ముగిశాక దాని పక్కనే వెల్డరు తన నంబరు గుద్దుతాడు. శిల్పి సంతకం పెట్టేది కీర్తి కోసం. ఇతను పెట్టేది రేపు తేడా వస్తే ‘ఇది నాదే’ అని ఒప్పుకోవడానికి.

ఆ పైన ఎక్స్‌రే. చాలాసార్లు ఎక్స్‌రేకి బదులు ఇరిడియం-192 అనే రేడియోధార్మిక గుళిక వాడతారు. దాని శక్తి ప్రతి 74 రోజులకు సగం అవుతుంది కాబట్టి ఎన్నాళ్ళ గుళికో చూసి ఫిల్ముకు ఎంతసేపు చూపాలో లెక్కగడతారు. ఫిల్ము మీద గాలిబుడగ నల్లచుక్కగా, స్లాగు వంకర టింకర నల్లగీతగా, అడుగున కరగని అంచులు నడిమధ్యన తిన్నటి గీతగా పడతాయి. వీటి కన్నా నన్ను ఆకట్టుకున్నది వేరే ఉంది. అతుకు మీద ఫొటో తీసే ముందు, ఒకదాని కన్నా ఒకటి సన్నగా ఉండే తీగలు పొదిగిన చిన్న పట్టీ ఒకటి పెడతారు. ఫిల్ము కడిగాక ఏ తీగ దాకా కనబడాలో ముందే రాసి ఉంటుంది. ఆ తీగ కనిపించకపోతే అతుకు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ ఫిల్మును పారేసి మళ్ళీ తీయాలి. ‘తప్పేమీ కనపడలేదు’ అనడానికి ముందు, తప్పుంటే కనపడి ఉండేదని రుజువు చేయాలి. లోకంలో తనిఖీల పేరుతో జరిగే వాటిలో ఎన్నింటికి ఇలాంటి తీగ ఉంది?

ఫిల్ముకూ చూపు ఆనని చోట్లున్నాయి. కిరణం వచ్చే దిక్కుకు అడ్డంగా పరుచుకున్న సన్నని పగులు దాని మీద పడకపోవచ్చు. అందుకే మందమైన అతుకుల దగ్గర శబ్ద తరంగాలు పంపి ప్రతిధ్వని చూసే పరీక్షను కూడా జోడిస్తారు.

ఇక మనిషి దూరే కంత, మ్యాన్‌హోల్. పాత పద్ధతి బాయిలర్లలో ఇది కోలగా ఉంటుంది, సుమారు 400 మిల్లీమీటర్లకు 300. గుండ్రంగా చేయొచ్చు కదా అనిపిస్తుంది. తలుపు లోపలి నుంచి మూసుకుంటుంది కాబట్టి కంత కన్నా పెద్దది కావాలి, అయినా అదే కంతలోంచి లోపలికి పోవాలి. కోలగా ఉంటేనే తలుపును తిప్పి పొట్టి వైపు నుంచి దూర్చి లోపల సరిచేయగలం. లోపలి నుంచి మూసినందుకు లాభమేమిటంటే ప్రెషరు పెరిగేకొద్దీ ఆవిరే తలుపును ఇంకా గట్టిగా అదిమి పడుతుంది. నట్లు పట్టి ఉంచాల్సింది ప్రెషరు లేనప్పుడే. తలుపు లోపల ప్రెషరు ఉండగా ఎవడైనా తెలివితక్కువగా నట్లు విప్పినా తలుపు వాడి ముఖాన పడదు.

కోల ఏ దిక్కున ఉంటుందో కూడా గమనించండి. పొట్టి కొలత ఎప్పుడూ షెల్లు పొడవు దిక్కునే ఉంటుంది. గుండ్రటి షెల్లులో చుట్టూ తిరిగే లాగుడు పొడవునా ఉండే లాగుడుకు రెట్టింపు. అందుకే అతిగా ప్రెషరెక్కిన పాత్ర పొడవునా చీలుతుంది గానీ అడ్డంగా తెగదు. చుట్టు లాగుడును అడ్డగించేది కంత ఎంత పొడవుందన్నది కాబట్టి ఆ దిక్కున తక్కువ కోస్తారు. రెండు మూడు వలయాలను కలిపి షెల్లు చేసినప్పుడు ఒక వలయపు పొడవు అతుకు, పక్క వలయపు అతుకు ఒకే వరసలో రాకుండా జరిపి పెట్టేదీ ఇందుకే. ఒకదాంట్లో మొదలైన చీలికకు పక్కదాంట్లో దారి దొరకకూడదు.

కంత కోసినచోట పోయిన బలాన్ని తిరిగి ఇవ్వడానికి చుట్టూ ఒక పట్టా ప్లేటు వేసి వెల్డు చేస్తారు. ఆ ప్యాడ్ మీద ఒక చిన్న చిల్లు ఉంటుంది, పెన్ను మొన పట్టేంత. మొదటిసారి చూసినవాళ్ళు ఎవరో పొరపాటున పెట్టిందనుకుంటారు. ప్యాడ్‌కూ షెల్లుకూ మధ్య చిక్కిన గాలి వెల్డింగు వేడికి ఉబ్బి బయటపడటానికి అదొక దారి. వెల్డింగ్ అయ్యాక ఆ చిల్లులోంచి కాస్త గాలి ఎక్కించి అంచుల చుట్టూ సబ్బునీళ్ళు రాస్తే కారే చోట బుడగలు లేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, బాయిలరు పనిలోకి వచ్చాక ప్యాడ్ కింద కనపడకుండా ఎక్కడైనా షెల్లు అతుకు చిట్లితే ఆ చిల్లులోంచే మొదటి ఆవిరి చుక్క బయటికొస్తుంది. అది చూసి ఎవడో మంచి మనసుతో ఆ చిల్లును వెల్డు చేసి మూసేయడమే ఈ వస్తువుకు చేయగలిగిన పెద్ద ద్రోహం. పాత రైలింజన్ల ఫైర్‌బాక్సుల్లో గోడలను కలిపి పట్టే స్టే బోల్టులకు కూడా మధ్యలో సన్నని రంధ్రం తొలిచేవారు. బోల్టు లోపల విరిగితే రంధ్రంలోంచి నీరు కారి డ్రైవరుకు తెలిసిపోయేది.

తప్పుకు కనపడే దారి లేకపోతే ఏమవుతుందో చూపిన రోజు ఒకటి ఉంది, 1905 మార్చి 20. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రాక్టన్‌లో గ్రోవర్ చెప్పుల ఫ్యాక్టరీ బాయిలరు పేలి 58 మంది చనిపోయారు. అది రివెట్ల కాలపు బాయిలరు. ప్లేటు అంచు మీద అంచు వేసి రివెట్లు కొట్టిన ‘ల్యాప్’ అతుకు దానిది. అలా అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కినచోట షెల్లు నికార్సైన గుండ్రం కాదు. ప్రెషరెక్కిన ప్రతిసారీ ఆ చోటు గుండ్రం అవ్వాలని చూస్తుంది, ప్రెషరు దిగగానే వెనక్కి పోతుంది. ఏళ్ళ తరబడి ఇలా వంగీ వంగీ రెండు ప్లేట్ల మధ్యన, పై అంచు నీడలో, పగులు పుడుతుంది. అక్కడికి దీపం వెలుగు పోదు, సుత్తి దెబ్బ చేరదు. ఇన్‌స్పెక్టరు ఎంత నిజాయితీపరుడైనా చూడలేడు. తర్వాత మసాచుసెట్స్ 1907లో బాయిలర్ల చట్టం చేసింది. అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఆస్మే తన మొదటి బాయిలర్ కోడ్‌ను 1914 సంచికగా తెచ్చింది. ప్లేట్ల అంచులను ఎదురెదురుగా పెట్టి రెండు పక్కలా పట్టీలు వేసే పద్ధతి ల్యాప్‌ను పక్కకు నెట్టింది.

మన దేశం ఈ పాఠం అంతకన్నా ముందే కలకత్తాలో మొదలుపెట్టింది. 1863లో అక్కడ ఒక బాయిలరు పేలి ప్రాణాలు పోయాక, 1864లో బెంగాల్‌లో తనిఖీ చట్టం వచ్చింది. తర్వాత ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు తయారై, ఒకచోట పనికొచ్చిన బాయిలరు ఇంకోచోట పనికిరాకుండా పోయే గందరగోళం ఏర్పడింది. 1923లో దేశమంతటికీ ఒకే బాయిలర్ల చట్టం, 1950లో దాని కింద ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్లు వచ్చాయి. షాపుల్లో వీటి పేరు ఐబీఆర్. ‘ఐబీఆర్ పైపు’, ‘ఐబీఆర్ వాల్వు’, ‘ఐబీఆర్ వెల్డరు’ అని విశేషణంలా వాడతారు. ధర కూడా ఆ విశేషణాన్ని బట్టే పెరుగుతుంది. 2025లో పాత చట్టం స్థానంలో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. రూపం మారింది గానీ పాత చట్టం వెన్నెముక అలాగే ఉంది.

నాకు ఐబీఆర్ మీద గౌరవం కలిగింది దాని లావు చూసి కాదు. ప్రతి బాయిలరుకూ ఉండి తీరాల్సిన బిగింపుల పట్టికలో ఒక వరుస ఉంది. సేఫ్టీ వాల్వులు రెండు, నీటి మట్టం చూపే గేజ్ గ్లాసులు రెండు, ప్రెషర్ గేజి, ఫీడ్ చెక్ వాల్వు, బ్లోడౌన్, వీటన్నిటితో పాటు ఇన్‌స్పెక్టరు తన సొంత గేజి తగిలించుకోవడానికి ప్రత్యేకంగా ఒక కనెక్షన్. ఏడాదిలో మిగతా రోజులన్నీ అది మూత పెట్టుకుని ఊరికే ఉంటుంది. మిల్లు గేజి సరిగ్గా చూపుతోందో లేదో మిల్లు గేజినే అడగకూడదన్న సంగతి ఇత్తడి ముక్క రూపంలో అక్కడ బిగించి ఉంది.

తయారైన కొత్త బాయిలరుకు పని ప్రెషరుకు ఒకటిన్నర రెట్లతో నీటి పరీక్ష చేస్తారు. పది కేజీల బాయిలరుకు పదిహేను. పరీక్షకు ఆవిరో గాలో కాకుండా చల్లటి నీళ్ళే ఎందుకు? పది కేజీల దగ్గర బాయిలరులోని నీరు సుమారు 184 డిగ్రీల వేడితో ఉంటుంది. షెల్లు చీలి ప్రెషరు ఒక్కసారి పోతే ఆ నీటిలో ఆరో వంతు దాకా అక్కడికక్కడే ఆవిరవుతుంది. 5 టన్నుల నీళ్ళుంటే దాదాపు 800 కిలోలు. ఆ ఆవిరికి కావాల్సిన చోటు 1,300 ఘనమీటర్లకు పైనే. బాయిలరు పేలడమంటే ఇదే. షెడ్డును లేపేసేది నిప్పు కాదు, చోటు కోసం తోసుకొచ్చే ఆవిరి. చల్లటి నీటికి ఈ గుణం లేదు, ఎంత నొక్కినా పెద్దగా కుంచించుకుపోదు. 10,000 లీటర్ల పాత్రను నిండా నింపాక పదిహేను కేజీలు ఎక్కించడానికి అదనంగా పట్టే నీళ్ళు బిందెడు. చేతి పంపుతో ఎక్కించవచ్చు. పరీక్షలో అతుకు విడిపోతే ఆ బిందెడు నీళ్ళు చిమ్మి, ముల్లు సున్నాకు పడిపోతుంది, అంతే.

అయితే లోపల గాలి చిక్కుకుంటే లెక్క తారుమారవుతుంది. గాలి నొక్కుకుపోయి స్ప్రింగులా కసి దాచుకుంటుంది. అందుకే అన్నిటికన్నా ఎత్తున ఉన్న వెంట్ తెరిచి ఉంచి నీళ్ళు నింపుతారు. మొదట గాలి బుస్సుమంటుంది, తర్వాత నురగతో నీళ్ళు, చివరికి తిన్నటి ధార. హెల్పరు తొందరపడి మూయబోతే ఫిట్టరు అరుస్తాడు: ‘‘బుడగలు ఇంకా వస్తన్నయిరా, ఆగు!’’ ధార నిలకడయ్యాక వెంట్ మూసి పంపు మెల్లగా కొడతారు. అంతకు ముందే అతుకులన్నీ తుడిచి ఆరబెట్టి ఉంటారు, ఎందుకంటే వెతకాల్సింది ఒక్క తడి చుక్క కోసం. ఆస్మే పద్ధతిలో ఒకటిన్నర రెట్లకు ఎక్కించాక, దాన్ని పని ప్రెషరు దాకా దించి అప్పుడే మనుషులను దగ్గరికి రానిస్తారు. పరీక్ష వస్తువుకు గానీ పరీక్షించేవాడి ప్రాణానికి కాదు గదా.

ఏటా జరిగే తనిఖీ ఇంకో రకం. బాయిలరు ఆపి, చల్లార్చి, నీళ్ళు వదిలి, కంతలు తెరిచి, లోపల మసి, పెచ్చులు కొట్టి సిద్ధం చేయడం చట్టం ప్రకారం యజమాని బాధ్యత. ఇన్‌స్పెక్టరు చేతి దీపంతో లోపలికి దూరతాడు. ఇలాంటి ఇరుకు చోట దీపం 24 వోల్టులకు మించకూడదని ఫ్యాక్టరీల చట్టం నియమం పెట్టింది. చుట్టూ ఇనుమే, ఒళ్ళంతా చెమట, వైరు తెగితే తప్పించుకునే చోటుండదు. లోపల అతను చూసేవి పెద్ద విషయాల్లా ఉండవు. నీటి మట్టం గీత వెంబడి చిన్న గుంతలు పడ్డాయా, ప్లేటు వంపు తిరిగిన మూలలో గాడి పడిందా, ట్యూబు చివర్ల దగ్గర ఉప్పు తెల్లగా కట్టిందా. తెల్లగా కట్టిందంటే అక్కడ నీరు కారి ఆవిరవుతోందన్నమాట. ఊక బాయిలర్లకు వాటిదైన రోగం ఒకటుంది. ఊక బూడిదలో చాలా భాగం సిలికా. పొగతో పాటు పరుగెత్తి అది ట్యూబులను గరుకు కాగితంలా అరగదీస్తుంది. పొగ మలుపు తిరిగేచోట ట్యూబు మెరుస్తూ కనిపిస్తే మెచ్చుకోకూడదు, మందం కొలవాలి.

చేతిలో చిన్న సుత్తి ఉంటుంది. స్టే రాడ్ల మీద, రివెట్ల మీద తట్టుతూ పోతాడు. సంతలో కుండ కొనే ఆడవాళ్ళు వేలి కణుపుతో తట్టి చెవి పెడతారే, అదే విద్య. బిగువుగా ఉన్న స్టే ఖంగుమంటుంది. విరిగింది మొద్దుగా పలుకుతుంది. వేలు రెండో పక్కన ఆనించి తట్టితే సడలింది వేలికి తెలుస్తుంది. ఇప్పుడు శబ్ద తరంగాల మీటర్లు వచ్చాయి, మందాన్ని మిల్లీమీటరులో పదో వంతు దాకా చెబుతాయి. అయినా ఎక్కడ మీటరు పెట్టాలో ముందు సుత్తీ కన్నూ చెప్పాలి. బాయిలరు మొత్తం మీటరుతో కొలుచుకుంటూ పోయే తీరిక ఎవరికీ ఉండదు.

ఫర్నేసు నెత్తిన ఒక కంచు ప్లగ్గు ఉంటుంది, నడుమ తక్కువ వేడికే కరిగే తగరం జాతి లోహం పోసి. పైన నీళ్ళున్నంత కాలం ఆ నీళ్ళే దాన్ని చల్లబరుస్తాయి. ఫైర్‌మన్ మరిచి నీటిమట్టం పడిపోతే లోపలి లోహం కరిగి, ఆవిరి నేరుగా నిప్పు మీదికి చిమ్మి మంటను చంపుతుంది. కావాలని పెట్టిన బలహీనత అది. మిగతా ఇనుము తెగిపోకుండా ముందు తాను తెగేందుకు పెట్టింది. ఏడాదికోసారి దాని మీద కట్టిన పెచ్చు గీకాలి, లేకపోతే లోహం కరిగినా పెచ్చు ఆవిరికి దారివ్వదు.

చివరిగా సేఫ్టీ వాల్వు. ఒకప్పుడు దీని పొడవాటి చేతికి బరువు వేలాడేది. అదనపు ఆవిరి కావాలనుకున్నవాళ్ళు ఆ బరువు మీద ఇంకో ఇటుకో, ఇనుప ముక్కో కట్టేవారు. దేశదేశాల్లో ఎన్నో పేలుళ్ళ వెనక ఈ అదనపు ముక్క ఉంది. స్ప్రింగు వాల్వు వచ్చాక బరువు కట్టే చోటు పోయింది. స్ప్రింగును బిగించే నట్టు మీద టోపీ పెట్టి, తీగ చుట్టి, సీసంతో సీలు వేస్తారు. సీలు తెగకుండా నట్టును ముట్టుకోలేరు. లోపలి ఏర్పాటు ఇంకా చక్కగా ఉంటుంది. డిస్కు మూసి ఉన్నప్పుడు ఆవిరికి తోయడానికి దొరికేది సీటు లోపలి చిన్న వైశాల్యమే. కొంచెం లేచిందా, బయటికొచ్చిన ఆవిరి డిస్కు చుట్టూ ఉన్న వెడల్పాటి అంచును కూడా తోయడం మొదలుపెడుతుంది. తోపు ఒక్కసారిగా పెరిగి వాల్వు టప్పున పూర్తిగా తెరుచుకుంటుంది, ‘పాప్’ అవుతుంది. ఇదే కారణంగా, తెరుచుకున్న ప్రెషరు కన్నా కొంచెం కిందికి దిగితే గానీ మూసుకోదు. గీత దగ్గర వాల్వు తడబడుతూ, కారుతూ, సీటును కోసుకోకుండా ఉండేలా ఆ అంచులోనే లెక్క పెట్టారు.

దీన్ని నమ్మే పద్ధతి కూడా మాటలతో అయ్యేది కాదు. మంట పూర్తిగా పెట్టి, ఆవిరి బయటికి పోయే మెయిన్ వాల్వు మూసేస్తారు. తయారైన ఆవిరంతా సేఫ్టీ వాల్వుల గుండానే పోవాలి. అలా ఊదుతుండగా ముల్లు గరిష్ఠ పని ప్రెషరు మీద 10 శాతానికి మించి ఎక్కకూడదు. షెడ్డు నిండా చెవులు పగిలే మోత. ఎవరూ మాట్లాడుకోరు, అందరి చూపూ ఇన్‌స్పెక్టరు తెచ్చుకున్న గేజి మీద. మిల్లుది పక్కనే ఉంటుంది గానీ ఆ పూట దాన్నెవరూ పట్టించుకోరు.

అన్నీ సరిపోతే సర్టిఫికెట్టు వస్తుంది. ఇలాంటి మిల్లు బాయిలరుకు మామూలుగా పన్నెండు నెలలకు మించి ఇవ్వరు. ఎంత ప్రెషరు వరకో అందులో రాసి ఉంటుంది, గేజి మీది ఎర్రగీత అక్కడి నుంచి వచ్చిందే. 2007 సవరణతో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లతో పాటు అర్హత పొందిన బయటి నిపుణులకు కూడా తనిఖీకి అనుమతి దొరికింది. మిల్లులు పెరిగినంతగా ఇన్‌స్పెక్టర్లు పెరగరు కనుక ఇది తప్పేది కాదనిపిస్తుంది. యజమాని డబ్బిచ్చి పిలిచినవాడు యజమాని బాయిలరును కాదనగలడా అన్న అనుమానమూ నన్ను వదల్లేదు. అందుకే తీగల పట్టీ లాంటివి, విడిగా గేజి తగిలించే కనెక్షన్ లాంటివి ఇప్పుడు ఇంకా అవసరం. ఎవరు సంతకం పెట్టినా రుజువు కాగితం మీదే కాకుండా ఇనుము మీద కూడా మిగలాలి.

రిజిస్టరు నంబరు షెల్లు మీద చెక్కి ఉంటుంది. ఆ నంబరును చెరిపినా మార్చినా జరిమానా, తనకివ్వని నంబరును మోసంతో చెక్కితే రెండేళ్ళ దాకా జైలు అని 1923 చట్టం రాసింది. సర్టిఫికెట్టుకు అంత గట్టి ప్రాణం లేదు. ప్రమాదం జరిగినా, అనుమతి లేకుండా షెల్లుకు మార్పు చేసినా, ఉన్నచోటి నుంచి బాయిలరును ఎత్తి ఇంకోచోట దించినా గడువు ఉండగానే అది చెల్లకుండా పోతుంది. మూతబడ్డ మిల్లులోంచి బాయిలరును కొని లారీ మీద వేరే జిల్లాకు తెచ్చుకున్న యజమాని, పాత కాగితంలో ఇంకా ఏడు నెలలున్నాయి కదా అంటే కుదరదు. దారిలో ఎక్కడ కుదుపు తిందో, దించేటప్పుడు ఏ అతుకు మీద బరువు పడిందో కాగితానికి తెలియదు. పైన చుట్టిన లాగింగ్ విప్పించి, కంతలు తెరిపించి, వెంట్ తెరిచి మళ్ళీ నీళ్ళు నింపమంటారు.